చిన్న ట్రాక్టర్ దున్నడానికి కొనకండి, మోయడానికి కొనండి



పోయిన నెల మామిడి పాదుల్లో జీవామృతం పోసే వీడియో పెట్టాను కదా. అందులో నేను మాట్లాడింది మొత్తం జీవామృతం గురించే. కానీ చూసి ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది అడిగింది వెనకాల కనిపించిన చిన్న ట్రాక్టర్ గురించి. "అన్నా, అది ఏ కంపెనీ? ఎన్ని హెచ్‌పి? మొత్తం ఎంత పడింది? నాకు నాలుగెకరాలుంది, తీసుకోమంటావా?" ఒకాయన అయితే డీలర్ షోరూమ్‌లో కూర్చుని ఫోన్ చేశాడు. పక్కన సేల్స్ అబ్బాయి మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఎందుకంటే నా అనుభవంలో కంపెనీ అనేది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న ఏంటంటే, ట్రాక్టర్ దేనికి? "దేనికేంటి, దున్నడానికి" అన్నారనుకోండి, నా మాట విని కొనకండి. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి, అదీ ఐదారెకరాల లోపు ఉన్నవాడికి, దున్నడానికి సొంత ట్రాక్టర్ అక్కర్లేదు. ఈ మాట చెప్పడానికి నాకు ఐదేళ్ళు, దగ్గర దగ్గర 7 లక్షలు పట్టింది.

మాది నూజివీడు వైపు, ఎర్ర నేల. మొత్తం ఐదున్నర ఎకరాలు. రెండున్నర పాత మామిడి, ఒకటిన్నర జామ, బొప్పాయి, మునగ కలిపిన తోట, మిగిలిన ఎకరంన్నరలో కూరగాయలు, పప్పుధాన్యాలు. ఇది కాక షెడ్డులో ఘనజీవామృతం చేసి అమ్ముతాను. ఆదివారం ఆదివారం విజయవాడకు కూరగాయల బుట్టలు వేస్తాను. వ్యవసాయ డిప్లొమా చదివాను కాబట్టి యంత్రాల గురించి నాకు తెలుసనే ధీమా ఒకటి ఉండేది. 2021 జూన్‌లో చిన్న ట్రాక్టర్ కొన్నాను. ముందు కట్టాల్సిన డబ్బు కోసం ఇంట్లో ఉన్న ఎడ్ల జత అమ్మేశాం. ఆవులు రెండూ ఉంచుకున్నాం.

ఎడ్లు అమ్మిన రోజు మా నాన్న నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఖాళీ కొట్టం ముందు నిలబడి, "వాటికి మేత వేస్తే పేడ వేసేవిరా. దీనికి డీజిల్ పోస్తే ఏం వేస్తుంది?" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు ఉందనుకున్నాను. రోటవేటర్ చూపించాను.

అదే నేను చేసిన మొదటి తప్పు. ట్రాక్టర్‌తో పాటు నాలుగడుగుల రోటవేటర్ కొన్నాను, 72 వేలు. డీలర్ దగ్గర వరసగా పెట్టి ఉంటాయి కదా, ట్రాక్టర్ తీసుకున్నవాడు రోటవేటర్ తీసుకోకుండా బయటికి రావడం కష్టం. ఆ సంవత్సరం కూరగాయల మడిలో నాలుగుసార్లు తిప్పాను. చూడటానికి ఎంత బాగుండేదో. పిండిలా మెత్తగా, గడ్డిపోచ లేకుండా. ఫొటోలు తీసి పెట్టుకున్నాను కూడా. ఆగస్టులో ఒక పెద్ద వాన పడింది. ఆ పిండంతా అట్ట కట్టింది. కింద మొలకెత్తిన బెండ పైకి రాలేక లోపలే వంగిపోయింది. వారం తర్వాత పార తీసుకుని తవ్వి చూశాను. జానెడు లోతు కూడా రాకముందే పార ఠంగుమంది. రోటవేటర్ కత్తులు ప్రతిసారీ ఒకే లోతులో తిరుగుతాయి. ఆ లోతు కింద నేలను కత్తి చదును చేసి నున్నగా నొక్కేస్తుంది. వంగ మొక్క పీకి చూస్తే వేరు అక్కడిదాకా దిగి, అక్కడి నుంచి పక్కకి పాకింది. వానపాముల సంగతి చెప్పక్కర్లేదు.

డిప్లొమాలో ఇది చదివాను. గట్టిపొర అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

రెండో తప్పు అద్దెకు తిప్పడం. "ఊళ్ళో నాలుగు తోటల్లో తిప్పితే వాయిదా డబ్బు దానంతట అదే వచ్చేస్తుంది" అని ప్రతి ఒక్కరూ చెప్తారు. నిజమే, వస్తుంది. మొదటి రెండేళ్ళు నేనూ తిప్పాను. కానీ తొలకరి పడి నా చేలో పని ఉన్న రోజే ఊరందరికీ పని ఉంటుంది. మాట ఇచ్చాను కాబట్టి పక్క చేలోకి పోయేవాణ్ణి, నా నవధాన్యాలు చల్లడం వారం వెనక్కి పోయేది. అంతకన్నా పెద్ద నష్టం తుంగ. ఒక బాబాయి గారి చేలో తుంగ విపరీతం. అక్కడ తిప్పి, రోటవేటర్ కడగకుండా మా జామతోటలోకి తెచ్చాను. కత్తులకు అంటుకున్న మట్టిగడ్డల్లో తుంగ గడ్డలు వచ్చాయి. దాని మీద రోటవేటర్ మళ్ళీ తిప్పితే ఏమవుతుందో మీకు తెలుసు. ఒక్కొక్క గొలుసూ తెగి నాలుగు మొక్కలవుతాయి. మూడు సెంట్లలో మొదలైనది అరెకరం అయింది. దాని మీద మల్చింగ్ కప్పి కప్పి అదుపులోకి తేవడానికి రెండేళ్ళు పట్టింది. మందు కొట్టేవాడికి అది ఒక పూట పని. మనకి అలా కుదరదు కదా.

మూడో ఏడు ఒక నోట్‌బుక్ పెట్టాను. ట్రాక్టర్‌కి గంటల మీటరు ఉంటుంది. పొద్దున తాళం తిప్పేటప్పుడు ఒక అంకె, సాయంత్రం ఒక అంకె, ఏం పని చేశానో ఒక మాట. బయట అద్దెకు పోవడం పూర్తిగా మానేశాను కాబట్టి అన్నీ నా సొంత పని గంటలే. ఏడాది చివర కూడితే 210 వచ్చింది. అందులో దుక్కి, సాళ్ళు, గొర్రు అన్నీ కలిపి 38 గంటలు. మిగిలిన 172 గంటల్లో 84 గంటలు ట్రాలీ: పేడ, ఘనజీవామృతం, వరిగడ్డి, ఎండాకు, కాయల బుట్టలు. 46 గంటలు జీవామృతం ట్యాంకు. 42 గంటలు గడ్డి, పచ్చిరొట్ట కోసి అక్కడే పరిచే స్లాషర్.

ఆ లెక్క చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. దున్నడానికని కొన్న బండి ఏడాదిలో ఐదో వంతు కూడా దున్నడం లేదు. అదే బండి నా ప్రకృతి వ్యవసాయాన్ని నిలబెట్టింది మాత్రం మోతతో.

ఎలాగో చెప్తాను. జీవామృతం ఎకరాకు 200 లీటర్లు. నాకున్న ఐదున్నర ఎకరాలకు ఒక్క దఫాకి 1,100 లీటర్లు. పదిహేను రోజులకోసారి అంటే నెలకు 2,200 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్ అనుకుంటే దాదాపు 150 బకెట్లు మోయాలి, అదీ షెడ్డు నుంచి మామిడి తోట చివరిదాకా. డ్రిప్‌లో వదలొచ్చు కదా అంటారు. కూరగాయల్లో వదులుతున్నాను, బాగా వడకట్టకపోతే రంధ్రాలు మూసుకుపోతాయి, అది వేరే తలనొప్పి. పాత మామిడికి డ్రిప్ లేదు. ఘనజీవామృతం ఎకరాకు 400 కిలోలు వేస్తే ఐదున్నర ఎకరాలకు 2 టన్నుల 200 కిలోలు. ఆచ్ఛాదనకి గడ్డి సరేసరి, ఎంత తెచ్చినా చాలదు.

ఇప్పుడు మీరే చెప్పండి. ప్రకృతి వ్యవసాయం మానేసినవాళ్ళని కదిపి చూడండి, "నమ్మకం లేక మానేశాను" అనేవాళ్ళు తక్కువ. "మోయలేక మానేశాను, మనుషులు దొరకలేదు" అనేవాళ్ళే ఎక్కువ. యూరియా బస్తా ఒకడు భుజాన వేసుకుపోయి అరగంటలో చల్లి వస్తాడు. మనది టన్నుల్లో బరువు. ట్రాక్టర్ లేనప్పుడు నేను కూడా పదిహేను రోజులకి ఇవ్వాల్సిన జీవామృతం నెలన్నరకి ఒకసారి ఇచ్చి, ఇచ్చానని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు.

"యంత్రం పెడితే అది ప్రకృతి వ్యవసాయం ఎలా అవుతుంది?" అని నన్ను నిలదీసిన పెద్దలున్నారు. వాళ్ళ మీద గౌరవం ఉంది. ఎడ్లు ఉండి, వాటిని చూసుకునే మనిషి ఉంటే అదే మంచిది, అందులో వాదన లేదు. కానీ మా నాన్నకి 64 ఏళ్ళు. బకెట్లు ఎవరు మోస్తారో కూడా ఆ పెద్దలు చెప్పాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. బండి 5 లక్షల 60 వేలు, పరికరాలు లక్షా 60 వేలు, మొత్తం 7 లక్షల 20 వేలు. పదేళ్ళ తర్వాత అమ్మితే 2 లక్షలు వస్తుందనుకున్నా ఏడాదికి 52 వేలు అరుగుదల. 4 లక్షలు అప్పు, 14 శాతం వడ్డీ, ఆరు నెలలకోసారి 57 వేల చొప్పున పది వాయిదాలు. అంటే వడ్డీ లక్షా 70 వేలు, పదేళ్ళ మీద పరిస్తే ఏడాదికి 17 వేలు. బీమా, సర్వీసు, టైర్లకు పక్కన పెట్టేది కలిపి 22 వేలు. మొత్తం 91 వేలు. బండి కదిలినా కదలకపోయినా ఇది ఖర్చే. గంటకు రెండు లీటర్ల పైచిలుకు డీజిల్, 215 రూపాయలు వేసుకోండి.

210 గంటలు తిరిగితే గంటకు దాదాపు 650 పడుతుంది. దుక్కికని 38 గంటలే తిప్పి షెడ్డులో పెడితే గంటకు 2,600. మా ఊళ్ళో పెద్ద ట్రాక్టర్ అద్దె గంటకు 1,200 నుంచి 1,500. అంటే దుక్కి కోసం సొంత బండి కొన్నవాడు అద్దెకు రెట్టింపు ఇచ్చి దున్నుకుంటున్నాడన్నమాట, పైగా తన చెమట ఉచితం. నా లెక్కన ఏడాదికి 84 గంటలు దాటితే గానీ అద్దెతో సమానం కాదు. ఈ లెక్కలో నా చేతి నుంచి పెట్టిన 3 లక్షల 20 వేలకి వడ్డీ వేయలేదు, అది వేస్తే ఇంకా పైకి పోతుంది. మీ ధరలు, మీ వడ్డీ వేరుగా ఉంటాయి. 2025 సెప్టెంబరు నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి నాకన్నా మీకు కొంత నయం. పద్ధతి మాత్రం ఇదే. కొనే ముందు ఒక ఏడాది మీ చేలో ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో రాసుకోండి. ఒక ఏడాది ఆగలేను అంటారా, కనీసం ఒక కారు అయినా రాయండి.

మోత కోసం అని ఒప్పుకున్నాక, బండిని చూసే చూపే మారిపోతుంది. డీలర్ హెచ్‌పి గురించి మొదలుపెడతాడు. ఇంజన్ హెచ్‌పి వేరు, వెనక పీటీవో దగ్గర అందే హెచ్‌పి వేరు, అది ఎప్పుడూ తక్కువే. స్లాషరూ పంపూ తిరిగేది ఆ రెండోదాని మీద. మన దేశంలో ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో పరీక్ష చేస్తారు. పీటీవో శక్తి, లాగే బలం, డీజిల్ వాడకం, లిఫ్ట్ ఎంత ఎత్తింది అన్నీ ఆ రిపోర్టులో ఉంటాయి. డీలర్‌ని ఆ రిపోర్టు అడగండి. ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. రంగు కాగితం మీద ఉన్నదానికీ దానికీ తేడా ఎక్కడ ఉందో అక్కడ వేలు పెట్టి అడగండి.

నా వరకు 18 నుంచి 24 హెచ్‌పి మధ్య బండి ఐదారెకరాల తోటకి సరిపోతుంది. ఈ సైజులో మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, వీఎస్‌టీ, సోనాలికా, కెప్టెన్ ఇలా చాలా ఉన్నాయి. స్వరాజ్ 717 లాంటివి ఇంకాస్త చిన్నవి, 15 హెచ్‌పి, ఒక్క సిలిండర్. ఎవరి మంచి వాళ్ళది. బరువు 600 నుంచి 900 కిలోల దాకా ఉంటాయి. 45 హెచ్‌పి పెద్ద ట్రాక్టర్ 2 టన్నులకు అటూఇటూ తూగుతుంది, మన నేలకి అది తేడానే. కానీ చిన్న బండి కదా అని తడిలో దించకండి. మట్టి పిడికిట్లో పట్టి ముద్ద చేసి వదిలితే పగలాలి. పగలకుండా ముద్దగా ఉందంటే ఆ రోజు ట్రాక్టర్‌కి సెలవు. వాఫస గురించి పాలేకర్ గారి శిబిరాల్లో గంటలు గంటలు విని, ఆ వాఫస మీదే టైరు ఎక్కించేవాళ్ళని చూశాను. నేనూ ఎక్కించాను.

మోతలో రెండు చోట్ల అందరూ పొరబడతారు. ఒకటి లిఫ్ట్. కాగితం మీద 700 కిలోలు ఎత్తుతుంది అని ఉంటుంది. ఆ అంకె వెనక రెండు చేతుల కొసల దగ్గర కొలిచింది. మనం 500 లీటర్ల ట్యాంకు తగిలిస్తే దాని బరువు ఆ కొసల కన్నా ఇంకో రెండడుగులు వెనక్కి ఉంటుంది. అక్కడ అంత ఎత్తదు. ఎత్తినా ముందు టైర్లు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పితే బండి తిరగదు. నాకు మామిడి తోటలో అలా ముందు చక్రాలు లేచి గుండె జారిపోయింది. ఇప్పుడు లిఫ్ట్ మీద 300 లీటర్లకు మించి పెట్టను, ముందు బంపర్‌కి బరువులు తగిలిస్తాను. 500 లీటర్ల ట్యాంకు ట్రాలీలో పెట్టి పంపుతో తోడతాను.

రెండోది బ్రేకు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

ట్రాక్టర్‌కి కుడి చక్రానికి ఒక బ్రేకు, ఎడమ చక్రానికి ఒక బ్రేకు విడివిడిగా ఉంటాయి. సాలు చివర చిన్న మలుపు తిప్పడానికి ఒక్కటే తొక్కుతాం. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్ళనూ కలిపి గొళ్ళెం వేయాలి. 2022 డిసెంబరులో ఒక సాయంత్రం ట్రాలీ నిండా పేడ వేసుకుని చెరువు కట్ట దిగుతున్నాను. గొళ్ళెం వేయలేదు. నాన్న మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు, అందరం కూర్చున్నట్టే. దిగుడులో ట్రాలీ వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టింది. బండి బరువు టన్ను లేదు, వెనకది టన్నున్నర, దానికి బ్రేకు లేదు. బ్రేకు తొక్కాను. పడింది ఒక్క పెడల్ మీదే. బండి ఒక పక్కకి గిర్రున తిరిగింది. ట్రాలీ అడ్డం పడి ఆగింది కాబట్టి మేం చెరువులోకి పోలేదు. నాన్న కిందపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని బయటికొచ్చాక ఆయన నన్ను ఏమీ అనలేదు. "ఎడ్లయితే ఆగేవి" అని మాత్రం అన్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు, పాలు పితకడం మా ఆవిడ చూసుకుంటుంది. బండి తప్పు కాదు, నా తప్పు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మడ్‌గార్డ్ మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. పిల్లల్ని అసలే వద్దు. ట్రాలీ కొనేటప్పుడు బండి బరువు చూసి కొనండి, బ్రేకు ఉన్న ట్రాలీ దొరికితే నాలుగు వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. దిగుడు రాకముందే చిన్న గేరులోకి మార్చుకోండి, దిగుడులో క్లచ్ తొక్కకండి. మా అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది, అక్కడ రైతులకు నడపడం, మరమ్మతులు నేర్పుతారు. లక్షలు పెట్టి బండి కొంటాం, నాలుగు రోజులు పోయి నేర్చుకోవడానికి నామోషీ. నాకూ అదే నామోషీ ఉండేది.

మిగతా విషయాలు గబగబా చెప్పేస్తాను. క్లచ్ తొక్కినప్పుడు పీటీవో కూడా ఆగిపోయే బండి వద్దు. చెట్టు చెట్టుకీ ఆగుతూ జీవామృతం పోస్తుంటే పంపు తిరుగుతూనే ఉండాలి, స్లాషర్‌కైనా అంతే. బాగా నెమ్మదిగా, మనిషి నడకకన్నా తక్కువ వేగంతో పోయే గేరు ఉందో లేదో నడిపి చూడండి. తోట ఉన్నవాళ్ళు సైలెన్సర్ చూడాలి. పైకి నిలబడి ఉంటే మామిడి కొమ్మలు తగులుతాయి, కిందికి ఉన్నది తీసుకోండి. వెనక ఉండే రక్షణ కమ్మీ మడతపెట్టేది అయితే మంచిది, కానీ తోట బయటికొచ్చాక మళ్ళీ లేపి బెల్టు పెట్టుకోవాలి. చక్రాల మధ్య వెడల్పు మార్చుకోవచ్చేమో అడగండి. మీ బోదెల దూరం టేపుతో కొలుచుకుని షోరూమ్‌కి వెళ్ళండి. ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా అంటే, మాలాంటి చదును ఎర్ర నేలలో మోతకి టూ వీల్ సరిపోతుంది. నల్లరేగడి అయినా, ఏటవాలు అయినా, దమ్ము చేసే పని ఉన్నా ఫోర్ వీల్ తీసుకోండి. అన్నిటికన్నా ముందు, బండి మీ చేలోకి తెప్పించి మీ బరువుతో, మీ ట్రాలీతో నడిపి చూపించమనండి. షోరూమ్ ముందు సిమెంటు గచ్చు మీద ఏ బండైనా బాగానే నడుస్తుంది. సర్వీసు మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో, ఆ మోడల్ మీ మండలంలో ఇంకా ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి, వాళ్ళింటికి వెళ్ళి టీ తాగి రండి.

పాతది కొంటే ఇంకో చిట్కా. బరువైన పరికరం తగిలించి లిఫ్ట్ పైకెత్తి ఇంజన్ ఆపేయండి. అరగంట ముచ్చట్లు చెప్పుకోండి. ఈలోపు అది బాగా కిందికి దిగిపోయిందంటే హైడ్రాలిక్స్‌కి ఖర్చు కాచుకుని ఉందన్నట్టు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ తీరిందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

సబ్సిడీ గురించి అడిగినవాళ్ళకి: కేంద్రం యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం, మిగతావాళ్ళకు 40 శాతం దాకా, ఒక్కో యంత్రానికి ఒక పరిమితితో ఉంటుంది. ఏ ఏడాది ఏ యంత్రానికి ఎప్పుడు తెరుస్తారనేది మీ రైతు సేవా కేంద్రంలోనో, తెలంగాణలో అయితే ఏఈవో దగ్గరో కనుక్కోండి. సబ్సిడీ వస్తుంది కదా అని అక్కర్లేని రోటవేటర్ మాత్రం తీసుకోకండి.

మరి మూడెకరాల లోపు ఉన్నవాళ్ళ సంగతి? నా అభిప్రాయం, ఒంటరిగా కొనొద్దు. పవర్ వీడర్, చేతితో తోసే నాలుగు చక్రాల బండి, దుక్కికి అద్దె ట్రాక్టర్, చాలు. కొనాలని గట్టిగా ఉంటే ముగ్గురు నలుగురు కలిసి కొనండి. కలిసి కొన్న ట్రాక్టర్లు గొడవల్లో ముగుస్తాయి అంటారు, అది దుక్కి ట్రాక్టర్ల సంగతి. తొలకరి రోజు అందరికీ ఒకేసారి కావాలి, అక్కడ మాటామాటా పెరుగుతుంది. మోతకి ఆ తొందర లేదు. సోమవారం నీది, మంగళవారం నాది అనుకోవచ్చు. జీవామృతం ఒక రోజు అటూఇటూ అయితే ఏం కాదు. మా పక్క ఊళ్ళో నలుగురు అన్నదమ్ముల పిల్లలు ఇలాగే ఒక బండి నడుపుతున్నారు, డీజిల్ ఎవరిది వాళ్ళు పోసుకుంటారు, గంటకు 150 చొప్పున మరమ్మతుల డబ్బాలో వేస్తారు. మూడేళ్ళయింది, ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నా రోటవేటర్ 40 వేలకి అమ్మేశాను. పైన 8 వేలు వేసి స్లాషర్ తీసుకున్నాను. ఇప్పుడు తొలకరికి ముందు నవధాన్యాలు చల్లడానికి సన్నటి గొర్రుతో సాలు గీస్తాను, అంతే. పెరిగింది స్లాషర్‌తో కోసి అక్కడే పడేస్తాను. కూరగాయల మడిలో మొన్న సంక్రాంతికి మళ్ళీ తవ్వి చూశాను. గట్టిపొర ఇంకా ఉంది, కానీ పార రెండు జానలు దిగింది. పొర పగుళ్ళలో కంది వేళ్ళు కనపడ్డాయి. ఆ గుంత వీడియో తీశాను, కింద పెడుతున్నాను. మధ్యలో గొంతు వినిపిస్తుంది, అది నాన్నది. "ఇంకా తవ్వు" అంటున్నాడు.

జూన్‌లో ఆఖరి వాయిదా. అది కట్టేలోపు ట్యాంకు, పంపు ఎలా అమర్చానో, ముందు బరువులు ఎక్కడ తగిలించానో కొలతలతో ఇంకో వీడియో చేస్తాను. మీ చేలో గంటల లెక్క రాసుకున్నవాళ్ళుంటే ఆ పేజీ ఫొటో పంపండి, కలిసి చూద్దాం.